గుమాస్తా కనిపెట్టిన ఇంజను
(ఫెలిక్స్ వాంకెల్ జీవితం)

మన ప్రత్యేక సంచికల్లో దేశ నాయకుల జీవితాలు, సంగీత విద్వాంసుల జీవితాలు చాలా వచ్చాయి. ఈసారి ఒక ఇంజను మనిషి గురించి రాస్తున్నాను. విదేశాల్లో కొందరు, ఏళ్ళ తరబడి షెడ్డులో మూలపడి వున్న పాత మాజ్డా స్పోర్ట్స్ కార్లను బయటికి తీసి మళ్ళీ నడిపిస్తూ వుంటారు. అది చూపిస్తూ మా మనవడు, ఈ ఇంజనులో పిస్టన్లు వుండవు తాతయ్యా అన్నాడు. పిస్టన్ లేని పెట్రోలు ఇంజను ఎవరు చేశారా అని వెతికితే ఫెలిక్స్ వాంకెల్ పేరు దొరికింది. ఆయన మనలాగే గుమాస్తాగా మొదలైనవారని తెలిశాక ఇక వదలబుద్ధి కాలేదు.

వాంకెల్ 1902 ఆగస్టు 13న జర్మనీలోని లార్ అనే ఊళ్ళో జన్మించారు. తండ్రి అటవీ శాఖ ఉద్యోగి. మొదటి ప్రపంచ యుద్ధం మొదలైన 1914లోనే ఆయన యుద్ధంలో మరణించారు. తల్లి పిల్లవాడిని తీసుకుని హైడెల్‌బెర్గ్ చేరింది. 1921లో చదువు మధ్యలోనే ఆగింది. కాలేజీ గడప తొక్కింది లేదు. ఆ ఊళ్ళో కార్ల్ వింటర్ అనే పుస్తక ప్రచురణ సంస్థలో కొనుగోళ్ళ పని నేర్చుకుని 1926 దాకా అక్కడే వున్నారు. పగలు కాగితాలు, బిల్లులు. సాయంత్రం స్నేహితులతో కలిసి పెట్టుకున్న చిన్న వర్కుషాపు. చూపు చాలా మందం. జీవితాంతం డ్రైవింగు లైసెన్సు లేకుండానే గడిపారు. కార్ల ప్రపంచాన్ని తిరగేసిన మనిషి కారు నడపలేదంటే నాకు మొదట నమ్మకం కలగలేదు.

ఆయన ఆలోచన మనకు తేలిగ్గానే అర్థమవుతుంది. అంబాసిడర్ కారు ఇంజను రోలు-రోకలి లాంటిది. పిస్టన్ పైకి పోయి ఆగాలి, కిందికి వచ్చి ఆగాలి. వాంకెల్ కోరుకున్నది తిరగలి. నడుము దగ్గర కాస్త నొక్కిన కోడిగుడ్డు ఆకారపు గదిలో, సమోసా లాగా పొట్ట ఉబ్బిన మూడు మూలల రోటరు ఒకటి ఆగకుండా తిరుగుతూ వుంటుంది. దాని మూడు పక్కల్లో వంతులవారీగా పెట్రోలు ఆవిరి పీల్చడం, నొక్కడం, మండడం, పొగ వదలడం జరుగుతాయి. వాల్వులు వుండవు, కుదుపు వుండదు. అయితే తిరగలి రాళ్ళ సందులోంచి పిండి రాలినట్టు, రోటరు మూలల దగ్గర మంట గాలి కారిపోతుంది. అది కారకుండా ప్రతి మూలలోనూ గాడి తీసి ఒక సన్నని పట్టీ బిగించాలి. దానినే అపెక్స్ సీలు అంటారు. 1929లో మొదటి పేటెంటు తీసుకున్న నాటినుంచి వాంకెల్ జీవితంలో చాలా భాగం ఈ సందులు మూసే విద్యలోనే గడిచింది.

ఇక్కడ ఒక సంగతి దాటవేయకూడదు. ఇంజను గొప్పతనం చెప్పేవారిలో కొందరు దీన్ని ఒక వాక్యంలో తేల్చేస్తారు. అది నాకు సమ్మతం కాదు. వాంకెల్ 1922లోనే నాజీ పార్టీలో చేరారు. యూదు ద్వేషం నూరిపోసే సంఘాల్లో తిరిగారు, కుర్రవాళ్ళను పోగుచేసి ఆ పార్టీకి తయారుచేశారు. తరవాత బాడెన్ ప్రాంతపు పార్టీ నాయకుడు వాగ్నర్‌ను అవినీతిపరుడని బహిరంగంగా నిందించి, 1933లో పార్టీ అధికారంలోకి రాగానే ఆ నాయకుడి చేతనే జైలు పాలయ్యారు. హిట్లర్ ఆర్థిక సలహాదారు కెప్లర్ కల్పించుకుంటే కొన్ని నెలలకు విడుదలయ్యారు. ఆ జైలువాసం చూపి ఆయన్ని నాజీలకు ఎదురు తిరిగినవాడుగా చెప్పడం సరికాదు. ఆయనకు వచ్చిన తగాదా మనిషితోనే గాని సిద్ధాంతంతో కాదు. 1936లో లిండావులో సరస్సు ఒడ్డున వర్కుషాపు పెట్టి జర్మన్ విమాన ఇంజన్లకు తిరిగే వాల్వులు తయారుచేశారు. 1940లో ఎస్.ఎస్. దళంలో చేరారు, 1942లో దానిలోంచి తీసివేయబడ్డారు. 1945లో ఫ్రెంచి సైన్యం వర్కుషాపును ఊడదీసి ఆయన్ని 1946 దాకా నిర్బంధంలో వుంచింది. చేతి పనితనం ఎంతటిదైనా ఈ పద్దు చెరిగేది కాదు.

1951లో ఎన్.ఎస్.యు. అనే మోటారు సైకిళ్ళ కంపెనీతో ఒప్పందం కుదిరింది. 1954లో రోటరుకూ గదికీ సరైన ఆకారాలు దొరికాయి. 1957 ఫిబ్రవరి 1న మొదటి ఇంజను తిరిగింది. అందులో రోటరుతో పాటు గది కూడా తిరిగేది. స్పార్క్ ప్లగ్గు మార్చాలంటే ఇంజను విప్పవలసిందే. ఆ కంపెనీ ఇంజనీరు పాష్కె గదిని కదలకుండా నిలిపి, రోటరు ఒక్కటే తిరిగేలా మార్చారు. తన సొగసైన పనిని మోటు చేశారని వాంకెల్ నొచ్చుకున్నారు. కాని బజారులోకి వచ్చింది పాష్కె ఇంజనే. నా దృష్టిలో పాష్కెకు రావలసిన పేరు రాలేదు.

1967లో ఎన్.ఎస్.యు. రో 80 కారు వచ్చింది. మరుసటి సంవత్సరానికి యూరపులో ఉత్తమ కారుగా బహుమతి పొందింది. కాని సీళ్ళు త్వరగా అరిగేవి. కంపెనీ వారంటీ కింద ఇంజన్ల మీద ఇంజన్లు మార్చింది. ఆ కారు వాళ్ళు రోడ్డు మీద ఎదురుపడితే, ఎన్ని ఇంజన్లు మార్పించుకున్నదీ వేళ్ళు చూపి పలకరించుకునేవారట. 1969లో ఆ సంస్థ ఫోక్స్‌వాగన్ చేతికి పోయింది.

నిలబెట్టింది జపానువారు. హిరోషిమాలోని మాజ్డా అధిపతి మత్సుదా 1961లో లైసెన్సు తెచ్చుకున్నారు. 1963లో కెనిచి యమమోతో అనే ఇంజనీరుకు 46 మందినిచ్చి పని అప్పగించారు. ఇంజను కొన్నాళ్ళు తిరిగేసరికి గది లోపలి గోడ మీద అలల్లాగా గాట్లు పడేవి. వాళ్ళు వాటికి దయ్యం గోళ్ళ గీతలని పేరు పెట్టారు. చివరికి కార్బనులో అల్యూమినియం ఇమిడ్చి చేసిన సీలు ఆ గీతలను ఆపింది. 1967 మే 30న కాస్మో స్పోర్ట్ అమ్మకానికి వచ్చింది. రెండు రోటర్లు, 982 సీసీ, 110 గుర్రాల బలం. 1972 దాకా తయారైనవి 1,176 మాత్రమే.

ఇలాంటి కారు మూలపడితే మళ్ళీ లేపడం ఎలాగన్నది నన్ను బాగా ఆకట్టుకున్న భాగం. బ్యాటరీ పెట్టి తాళం తిప్పడం అన్నిటికన్నా చేటు. ఇన్నేళ్ళు కదలక సీలు గాడిలో మసితో, తుప్పుతో బిగుసుకుని వుంటుంది. స్టార్టరు బలంగా తిప్పితే పట్టీ విరిగి, ముక్క గది గోడను గీరేస్తుంది. ఇక ఇంజను మొత్తం విప్పవలసిందే. అందుకని ముందు స్పార్క్ ప్లగ్గులు తీస్తారు. రోటరుకు రెండేసి వుంటాయి. ఆ రంధ్రాల్లోంచి పలుచని నూనె కొద్దికొద్దిగా పోసి రోజుల తరబడి నాననిస్తారు. తరవాత ముందరి పుల్లీకి పానా తగిలించి చేత్తో తిప్పుతారు. కదలకపోతే బలవంతం చేయరు, మళ్ళీ నూనె పోసి ఆగుతారు.

కదిలాక చెవి పెట్టి వినాలి. ప్లగ్గు రంధ్రంలోంచి ఫుస్, ఫుస్, ఫుస్ అని మూడూ సమానంగా వస్తే మూడు మూలల సీళ్ళూ లేచినట్టు. ఒక ఫుస్ తగ్గితే ఎక్కడో పట్టీ ఇంకా గాడిలోనే వున్నట్టు. అప్పుడు గాని పాత పెట్రోలు వంపేసి, ట్యాంకు కడిగి, కార్బురేటరు విప్పి, బ్రేకుల రబ్బర్లు మార్చరు. గదుల మధ్యనున్న రబ్బరు రింగులు ఎండిపోతే చల్లబరిచే నీళ్ళు రోటరు దగ్గరికే చేరతాయి. స్టార్టు అయ్యాక తెల్లని పొగ ఆగకుండా వచ్చిందా, అది ఆ రింగుల పనే. మొదట పోసిన నూనె కాలి కాసేపు పొగ రావడం మాత్రం మామూలే. ఈ ఇంజను తన సీళ్ళ కోసం పెట్రోలుతోపాటు కొంచెం నూనె కూడా తాగుతుంది కనుక, ఆ నూనె అందించే చిన్న పంపు పని చేస్తోందా అన్నది కూడా చూసుకోవాలి. ఇంత ఓపిక పట్టినా కొన్ని లేవవు. లేచినవి మాత్రం కుట్టు మిషనులా మెత్తగా తిరుగుతాయి.

వాంకెల్‌కు 1969లో మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చింది. 1971లో ఆయన, ఆయన భాగస్వామి కలిసి తమ కంపెనీని లోన్రో అనే బ్రిటిషు సంస్థకు 10 కోట్ల మార్కులకు అమ్మారు. తన దగ్గర వున్న రో 80 కారును డ్రైవరు చేత నడిపించుకునేవారు. ఆ డబ్బులోంచి, జంతువులను హింసించకుండా పరిశోధనలు చేసేవారికి ఒక బహుమతి ఏర్పాటు చేశారు. మనుషుల విషయంలో అటువంటి దారిలో నడిచిన వ్యక్తి మూగజీవుల మీద ఇంత జాలి చూపడం ఏమిటో నాకు ఇప్పటికీ కొరుకుడు పడలేదు. 1988 అక్టోబరు 9న హైడెల్‌బెర్గ్‌లో తన 86వ ఏట చనిపోయారు.

మరో మూడేళ్ళకు, 1991లో, ఫ్రాన్సులోని ల మాన్ 24 గంటల పందెంలో నాలుగు రోటర్ల మాజ్డా 787బి మొదటి స్థానంలో నిలిచింది. 362 చుట్లు తిరిగింది. తరవాత ఆ కారును మాజ్డావారు దాచిపెట్టారు. 2011లో దాన్ని విప్పి, బాగు చేసి, ఇరవై ఏళ్ళ పండుగకు అదే మైదానానికి తీసుకువెళ్ళారు. 1991లో చివరి వంతు నడిపిన జానీ హెర్బర్టే మళ్ళీ చక్రం పట్టుకున్నాడు. ఇంజను స్టార్టు అయింది.