బార్డోలీ రైతు పక్షాన లెక్క అడిగిన సర్దార్

సూరత్ జిల్లాలోని బార్డోలీ తాలూకా 1928 వేసవిలో దేశమంతటి దృష్టిని ఆకర్షించింది. అక్కడి 137 గ్రామాల రైతులకు నాయకత్వం వహించిన వల్లభ్‌భాయ్ పటేల్ ఆ పోరాటంతోనే సర్దార్‌గా ప్రసిద్ధి పొందారు.

నడియాద్‌లో 1875 అక్టోబరు 31న జన్మించిన పటేల్ ఇంగ్లండులో బారిస్టరు చదివి, 1913లో స్వదేశానికి తిరిగివచ్చి అహ్మదాబాదులో న్యాయవాదిగా స్థిరపడ్డారు. పంట దెబ్బతిన్న ఖేడా జిల్లాలో శిస్తు వాయిదా కోసం 1918లో గాంధీజీ నడిపిన సత్యాగ్రహం ఆయనను రైతుల మధ్యకు తెచ్చింది. పంట నాలుగణాల కంటే తక్కువైతే శిస్తు నిలిపివేయాలని ప్రభుత్వ నిబంధనే చెబుతోంది. దానిని అమలు చేయించడానికే పోరాడవలసి వచ్చింది!

1927 జులైలో గుజరాత్‌ను వరదలు ముంచెత్తాయి. అప్పుడు అహ్మదాబాదు మునిసిపాలిటీ అధ్యక్షుడిగా ఉన్న పటేల్ స్వచ్ఛంద సేవకులను గ్రామాలకు పంపి ధాన్యం, విత్తనాలు అందేలా చూశారు. అంతటితో ఆగక క్షామ నిధి నుంచి సుమారు కోటి రూపాయల సహాయాన్ని బొంబాయి ప్రభుత్వంతో మంజూరు చేయించారు. సహాయ నిరాకరణకు పేరొందిన నాయకుడు సర్కారు సొమ్ము కోసం పట్టుబట్టడం వింతగా తోచవచ్చు. అయితే అది రైతు కట్టిన శిస్తులోంచి వచ్చిన సొమ్మే.

సరిగ్గా అదే నెలలో ఆ ప్రభుత్వమే బార్డోలీ శిస్తును సుమారు 22 శాతం పెంచింది. తపతి లోయ రైలు మార్గం వచ్చిందని, ధరలు పెరిగాయని, పక్కా ఇళ్లు లేచాయని అధికారులు కారణాలు చూపారు. సాగు ఖర్చులు పోగా రైతుకు ఏం మిగులుతోందన్న ప్రశ్నను మాత్రం వారు సరిగా విచారించలేదు.

1928 ఫిబ్రవరి 12న సత్యాగ్రహం ఆరంభమైంది. జప్తు అధికారులు గేదెలను తోలుకుపోతుంటే రైతులు వాటిని ఇళ్లలో దాచి, తలుపులు మూసుకుని నెలల తరబడి వాటితోపాటే గడిపారు. భూములు వేలానికి వచ్చాయి. గ్రామాధికారులు పలువురు రాజీనామా చేశారు. శాసనమండలి సభ్యత్వాన్ని కె.ఎం. మున్షీ వదులుకున్నారు. ఆరేళ్ల క్రితం చౌరీచౌరా ఘటన కారణంగా ఇదే బార్డోలీలోనూ, గుంటూరు జిల్లా పెదనందిపాడులోనూ పన్నుల నిరాకరణ ఆగిపోయిన సంగతి తెలుగువారికి గుర్తుండే ఉంటుంది. అందుకే ఈసారి పటేల్ స్వరాజ్యం మాట ఎత్తలేదు. నిష్పాక్షిక విచారణ ఒక్కటే కోరారు. కోరిక చిన్నది కావడమే ప్రభుత్వాన్ని ఎక్కువగా ఇరుకున పెట్టింది.

ఆగస్టు ఆరంభంలో రాజీ కుదిరింది. ఖైదీలు విడుదలయ్యారు, భూములు తిరిగి రైతులకు దక్కాయి. అనంతరం బ్రూమ్‌ఫీల్డ్, మాక్స్‌వెల్ అనే ఇద్దరు అధికారులు ఊరూరా తిరిగి కౌలు లెక్కలు పరిశీలించి, ప్రభుత్వ అంచనాలు నమ్మదగినవి కావని తేల్చారు. పెంపు సుమారు 6 శాతానికి తగ్గింది.

ఆ విజయంలో ప్రధాన లబ్ధి భూమి గల రైతులదే. వారి పొలాల్లో తరతరాలుగా పాలేర్లుగా ఉన్న దుబ్లాల వెట్టి బతుకు పెద్దగా మారలేదన్నది జీవితచరిత్రలు తరచూ దాటవేసే విషయం.

స్వతంత్ర భారత తొలి ఉప ప్రధానిగా సంస్థానాల విలీనాన్ని నడిపిన పటేల్ 1950 డిసెంబరు 15న బొంబాయిలో కన్నుమూశారు. ఆయన బస చేసి ఉద్యమాన్ని నడిపిన స్వరాజ్ ఆశ్రమం బార్డోలీలో నేటికీ ఉంది.