ఆగితే గట్టిపడే లోహం

పరగోడు పిల్లలకు కమ్మరి కొలిమి కొత్త కాదు. ఎర్రగా కాలిన కొడవలిని నీళ్లలో ముంచితే వెంటనే గట్టిపడుతుందని మనకు తెలుసు. అల్యూమినియం తీరు వేరు. ఆ సంగతి కనిపెట్టిన ఆల్‌ఫ్రెడ్ విల్మ్ గురించి చెప్పుకుందాం.

విల్మ్ 1869లో సైలీషియాలో పుట్టారు. బెర్లిన్ దగ్గరి పరిశోధనశాలలో అల్యూమినియాన్ని ఉక్కులా గట్టిపరచాలని చూశారు. 1906లో కొద్దిగా రాగి, మెగ్నీషియం కలిపిన అల్యూమినియాన్ని సుమారు 500 డిగ్రీలకు కాచి, నీళ్లలో చల్లార్చారు. అప్పటికి మెత్తగానే ఉంది. రెండు రోజులాగి పరీక్షిస్తే బలం బాగా పెరిగింది! సూక్ష్మదర్శినిలో మాత్రం మార్పేమీ కనబడలేదు.

వేడికి లోహంలో కలిసిపోయిన రాగి పరమాణువులు చల్లారాక మెల్లగా చిన్న గుంపులు కడతాయి. లోహపు పొరలు జారకుండా అవే అడ్డుపడతాయి. కాచే ముందు ముక్కను వేడిమీద సుత్తితో సాగగొడితే లోపలి రేణువులు దాని ఆకారం వెంట బారులు తీరి, ఆ దిశలో బలం ఇంకా పెరుగుతుంది.

ఆ లోహమే డ్యూరాలుమిన్. జెప్పెలిన్ ఆకాశనౌకలకు, విమానాలకు అదే చట్రమైంది. విల్మ్ 1919లో పరిశోధన వదిలి సేద్యం పట్టారు. 1937లో కన్నుమూశారు. ఆ గుంపుల జాడ ఎక్స్‌రేల్లో దొరికింది మరుసటి ఏడాదే.

పాఠం వెంటనే వంటబట్టని పిల్లలకు ఈ కథ చెబుదాం. ముందు మనమూ గుర్తుంచుకుందాం.