కథలు విన్న మాష్టారు – కొయిజుమి యాకుమో

పుట్టిన గడ్డ ఒకటి, పెరిగిన గడ్డ మరొకటి, చివరకు మట్టిలో కలిసిన గడ్డ ఇంకొకటి. ఇటువంటి జీవితం మన కుటుంబాలకు కొత్త కాదు. మన ముత్తాతలూ ఓడలెక్కి వచ్చినవారే. ఆ దారిన నడిచిన ఒక మహారచయితను ఈ ఉత్సవ సంచికలో మన పిల్లలకు పరిచయం చేయాలని మేము తలచినాము. ఆయన తెలుగువాడు కాడు. అయినా ఆయన ఇంటి ముచ్చట మన ఇళ్ళకు పనికివచ్చునని మా నమ్మకం.

లఫ్కాడియో హెర్న్ 1850 జూన్ 27వ తేదీన గ్రీసు దేశపు లెఫ్కాడా ద్వీపంలో జన్మించినాడు. ద్వీపం పేరే బిడ్డ పేరయినది. తల్లి రోజా గ్రీకు వనిత. తండ్రి చార్లెస్ ఐర్లండు వాడు, బ్రిటిషు సైన్యంలో వైద్యుడు. రెండేండ్ల పిల్లవాడిని డబ్లిన్ చేర్చినారు. తల్లి అక్కడ ఇమడలేక తన దేశానికి తిరిగిపోయినది. తండ్రి 1857లో మరల వివాహమాడి, కొత్త భార్యతో ఉద్యోగరీత్యా వెళ్ళినది ఎక్కడికో తెలియునా? మనవారు లష్కరు అని పిలుచుకొనే సికింద్రాబాదుకు! కొడుకు మరల ఆ తండ్రిని చూడలేదు. 1866లో ఇండియానుండి తిరిగివస్తూ తండ్రి ఓడమీదనే మరణించినాడు. ఆ ఏడాదే బడిలో ఆడుకొంటూ దెబ్బ తగిలి పిల్లవాడి ఎడమ కన్ను పోయినది. బంధువైన ఒక ముసలమ్మ పెంపకంలో పెరిగినాడు. ఆమె ఆస్తి కూడా కరిగిపోయినది.

పంతొమ్మిదవ యేట, 1869లో, ఒంటరిగా అమెరికా చేరినాడు. సిన్సినాటి నగరంలో ఆకలితో తిరిగి, చివరకు పత్రికా విలేఖరి అయినాడు. బానిసత్వంలో పుట్టిన అలెథియా ఫోలీ అనే యువతిని 1874లో పెండ్లాడినాడు. అటువంటి వివాహాన్ని ఆనాటి అక్కడి చట్టం ఒప్పుకొనేది కాదు. ఉద్యోగం పోయినది, ఆ కాపురమూ నిలువలేదు. తరువాత న్యూ ఆర్లియన్సులో పదేండ్లు, మార్టినిక్ ద్వీపంలో రెండేండ్లు గడిపినాడు. ఎక్కడ ఉన్నా సామాన్యుల వంటలు, సామెతలు, పాటలు పోగుచేసుకొన్నాడు.

1890 ఏప్రిల్‌లో పత్రికకు వ్యాసాలు వ్రాసే పనిమీద యొకొహామా రేవులో దిగినాడు. ఆ ఒప్పందం కొద్ది రోజులలోనే తెగిపోయినది. బతుకుతెరువు కోసం ఇంగ్లీషు ఉపాధ్యాయుడుగా మత్సుయే అనే ఊరు చేరినాడు. అది జపాను పడమటి తీరాన, పెద్ద నగరాలకు దూరంగా, సరస్సు ఒడ్డున ఉన్న పాత కోట ఊరు.

అక్కడి ఉదయాలు ఆయనను కట్టివేసినవి. తెల్లవారుజామున బియ్యం దంచే చప్పుడు, పిమ్మట గుడి గంట, కూరలమ్మేవారి కేకలు, ఉదయించే సూర్యునికి చేతులు చరిచి మ్రొక్కేవారి సవ్వడి, వంతెనమీద పాంకోళ్ళ టకటక. ఒంటి కంటివాడికి, ఆ కంటి చూపూ అంతంతమాత్రమైనవాడికి, ఊరు మొదట చెవులలోనుంచి లోపలికి వచ్చినది. బడినుండి రాగానే జపాను దుస్తులు ధరించి, చాపమీద కూర్చుండి, తోటలోని కప్పలను, తామర కొలనును చూచుకొనేవాడు. తోటలోకి వచ్చే పాము కప్పలను తినకుండా తన పళ్ళెంలోనిది కొంచెం దానికి పెట్టేవాడట!

1891లో కొయిజుమి సెత్సుతో కాపురం మొదలైనది. ఆమె సమురాయి వంశపు ఆడపడుచు. కొత్త ప్రభుత్వం వచ్చిన పిదప ఆ వంశాలు బీదరికంలో పడినవి. ఆమెకు ఇంగ్లీషు రాదు. ఆయనకు జపాను భాష చదువను రాదు, మాటలాడటమూ అంతంతమాత్రమే. అందుచేత ఇద్దరూ కలిసి తమకొక భాష కల్పించుకొన్నారు. అందులో విభక్తులు లేవు, క్రియలకు సరియైన రూపాలు లేవు. ఆ ఇంటివారికి తప్ప అది ఎవరికీ సరిగా అర్థం కాదు. దానికి హెర్న్ గారి మాట అని పేరే వచ్చినది.

అంతటి సాహిత్యం ఆ విరిగిన భాషలోనుండియే పుట్టినది. రాత్రి దీపం తగ్గించి ఆమె పాత కథలు చెప్పేది. పుస్తకం చూచి చదువవద్దని, తన సొంత మాటలలోనే చెప్పమని ఆయన కోరేవాడు. భయంకర ఘట్టం వస్తే ఆయన ముఖం పాలిపోయేదట. ఆ గొంతు ఎట్లుండునో, ఆ అడుగుల చప్పుడెట్లుండునో మరల మరల అడిగేవాడు. కథలకోసం ఆమె పాత పుస్తకాల అంగళ్ళు గాలించేది. ఆయన ఎత్తైన బల్లకు కన్ను ఆనించినంత దగ్గరగా వంగి, ఇంగ్లీషులో వ్రాసి, కొట్టివేసి, మరల వ్రాసేవాడు.

మత్సుయే చలికి తాళలేక 1891 నవంబరులో కుమమొతోకు, 1894లో కొబెకు మారినాడు. భార్యను పెంచిన తల్లిదండ్రులను కూడా పోషించినాడు. పెద్ద కొడుకు పుట్టిన తరువాత ఒక చింత పట్టుకొన్నది. తాను బ్రిటిషు పౌరుడుగానే పోతే భార్యాబిడ్డల గతి ఏమి? చివరకు 1896లో భార్య ఇంటిపేరు స్వీకరించి, మన మాటలో ఇల్లరికం చేరి, జపాను పౌరుడైనాడు. కొయిజుమి అనగా చిన్న ఊట, యాకుమో అనగా ఎనిమిది మేఘాలు. ఆ ఏడే టోక్యో విశ్వవిద్యాలయంలో ఉపన్యాసకుడైనాడు. 1903లో విద్యార్థులు వద్దని మొరపెట్టుకొన్నా ఆ ఉద్యోగం పోయినది. సొంతం చేసుకొన్న దేశమే పక్కకు నెట్టినదని ఆయన మనసు నొచ్చుకొన్నది. పాత జపానుమీది మోజుతో కొత్త జపానును ఆయన సరిగా అర్థం చేసుకోలేదనేవారూ ఉన్నారు. అందులో కొంత నిజం లేకపోలేదు.

1904లో క్వైదాన్ అనే దయ్యాల కథల సంపుటి వెలువడినది. అందులోని హోయిచి గ్రుడ్డి గాయకుడు, చనిపోయిన వీరుల ఆత్మలకు వారి యుద్ధగాథనే పాడి వినిపిస్తాడు. ఆ ఏడాది సెప్టెంబరు 26న, 54వ యేట, యాకుమో గుండెజబ్బుతో మరణించినాడు. టోక్యోలోని జోషిగయా శ్మశానవాటికలో ఆయన సమాధి ఉన్నది. ఆయన వెనుక సెత్సు, ముగ్గురు కొడుకులు, ఒక కూతురు మిగిలినారు.

ఆయన ఇంగ్లీషులో వ్రాసిన ఆ కథలు తిరిగి జపాను భాషలోకి వెళ్ళినవి. అక్కడి పిల్లలు తమ తాతలనాటి కథలను ఈ పరదేశి పుణ్యమా అని చదువుకొన్నారు. 1964లో క్వైదాన్ చలనచిత్రమూ వచ్చినది.

మన ఇళ్ళలోని తెలుగు కూడా సగం విరిగినదేనని మనం సిగ్గుపడుచుందుము. వ్యాకరణం కుదిరిన తరువాత కథ చెప్పుదామంటే అవ్వ అంతదాకా ఆగదు. ఉన్న నాలుగు మాటలతోనే ఆమెను అడిగి చూడండి. ఆమె పాట ఎట్లుండెనో, ఆమె చిన్ననాటి ఇంటి చప్పుళ్ళు ఎట్లుండెనో మరల మరల అడగండి.