రాజశేఖరరెడ్డి చివరి ప్రయాణం

పెన్నానది ఒడ్డున, మైలవరం జలాశయానికి చేరువలో ఉన్న ఊరు జమ్మలమడుగు. కడప జిల్లాలోని ఈ ఊరిలో 1949 జూలై 8న యెదుగూరి సందింటి రాజశేఖరరెడ్డి జన్మించారు. తల్లిదండ్రులు జయమ్మ, రాజారెడ్డి. వారి స్వస్థలం పులివెందుల ప్రాంతం.

ఆయన బళ్ళారిలోను, విజయవాడలోను చదివి, గుల్బర్గాలో వైద్యవిద్యను అభ్యసించారు. కొంతకాలం జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రిలో వైద్యాధికారిగా పనిచేశారు. 1973లో తండ్రి పేరిట పులివెందులలో 70 పడకల ఆసుపత్రిని నెలకొల్పారు. వానలు మొగం చాటేసే సీమలో రైతు పడే పాట్లు ఆయనకు చిన్ననాటి నుండి తెలిసినవే.

1978లో పులివెందుల నుండి శాసనసభకు ఎన్నికయ్యారు. తరువాత నాలుగు పర్యాయాలు కడప నుండి లోక్‌సభకు వెళ్ళారు. 2003 మండువేసవిలో చేవెళ్ళ నుండి ఇచ్ఛాపురం వరకు 1,400 కిలోమీటర్లకు పైగా పాదయాత్ర చేశారు. 2004 మే 14న ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిన నాడే వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు దస్త్రంపై సంతకం చేశారు. 108 అంబులెన్సు సేవలు, ఆరోగ్యశ్రీ, జలయజ్ఞం ఆయన పాలనలో ప్రారంభమయ్యాయి. ఆయన విధానాలను మెచ్చినవారూ, విమర్శించినవారూ ఉన్నారు. 2009లో రెండవసారి ముఖ్యమంత్రి అయ్యారు.

2009 సెప్టెంబరు 2న రచ్చబండ కార్యక్రమం కోసం ఆయన ఉదయం 8.38 గంటలకు బేగంపేట నుండి బెల్ 430 హెలికాప్టరులో చిత్తూరు జిల్లాకు బయలుదేరారు. చేరవలసిన వేళ దాటినా హెలికాప్టరు జాడ లేదు. నల్లమల అడవిని కారుమబ్బులు కమ్ముకొన్నాయి. సైనికులు, పోలీసులు, అడవిని ఎరిగిన స్థానికులు వెదికారు. యుద్ధవిమానాలు, ఉపగ్రహ చిత్రాలు సైతం తోడ్పడ్డాయి. మరునాటి ఉదయం పావురాలగుట్టపై శిథిలాలు కనిపించాయి. ముఖ్యమంత్రితోపాటు ఇద్దరు పైలట్లు, ఇద్దరు అధికారులు మరణించారు.

బతికి చెప్పేవారు ఒక్కరూ మిగలలేదు. ప్రజలలో పలు అనుమానాలు తలెత్తాయి. అప్పుడు దర్యాప్తుకు ఆధారమైనది శిథిలాలలో దొరికిన కాక్‌పిట్ వాయిస్ రికార్డర్. పైలట్ల సంభాషణను, హెచ్చరిక ధ్వనులను నమోదు చేసే సాధనమిది. తీవ్రమైన తాకిడిని, మంటలను తట్టుకొనేటట్లు దృఢమైన కవచంలో దీనిని అమరుస్తారు. బ్లాక్ బాక్స్ అన్న పేరే గాని, సులభంగా కంటబడడానికి దీనికి నారింజ రంగు వేస్తారు.

ఆర్.కె. త్యాగి అధ్యక్షతన ఏర్పడిన సంఘం ఆ ధ్వనులను ఇతర ఆధారాలతో సరిపోల్చింది. ట్రాన్స్‌మిషన్ చమురు పీడనానికి సంబంధించిన హెచ్చరిక రాగా, పైలట్లు దాని పరిష్కారం కోసం సూచనల పుస్తకాన్ని వెదకడంలో నిమగ్నులయ్యారని తేలింది. ఆ విలువైన నిమిషాలలో వాతావరణంపై చూపవలసిన శ్రద్ధ తగ్గింది. తీవ్రంగా కిందికి తోసే గాలిలో చిక్కి హెలికాప్టరు అదుపు తప్పి, ఉదయం 9.27 గంటల వేళ కొండపై కూలిందని సంఘం నిర్ధారించింది.

సెప్టెంబరు 4న ఇడుపులపాయలో రాజశేఖరరెడ్డి అంత్యక్రియలు జరిగాయి. పోయిన ప్రాణాలను ఏ యంత్రమూ తిరిగి తేలేదు. కాని జరిగినదేమిటో తెలిస్తేనే మరొక ప్రయాణం సురక్షితమవుతుంది. పావురాలగుట్టపై దొరికిన ఆ చిన్న పేటిక విలువ అదే.