క్లెమెన్స్ ఫాన్ పిర్కే

చేనును కాపాడడానికి వేసిన కంచె ఆ చేనునే మేస్తుందని ఎవరూ అనుకోరు. శరీరాన్ని రక్షించే శక్తియే శరీరానికి కీడు చేయగలదంటే ఇరవయ్యో శతాబ్ది ఆరంభంలో వైద్యులకు సైతం అది వింతగానే తోచింది. రోగుల పడకల చెంత నిలిచి ఆ సత్యాన్ని గ్రహించి, దానికి ‘అలర్జీ’ అని పేరు పెట్టిన శిశువైద్యుడు క్లెమెన్స్ ఫాన్ పిర్కే.

ఆయన 1874 మే 12న ఆస్ట్రియాలోని వియన్నా నగర సమీపాన హిర్ష్‌స్టెట్టెన్‌లో ఒక కులీన కుటుంబంలో జన్మించాడు. మొదట మతశాస్త్రాన్ని, ఆపైన తత్త్వశాస్త్రాన్ని అభ్యసించాడు. చివరకు వైద్యవిద్య వైపు మనసు మళ్లింది. 1900లో గ్రాజ్‌లో వైద్యపట్టా పొంది, వియన్నాలోని పిల్లల ఆసుపత్రిలో చేరాడు.

ఆనాడు కంఠసర్పి అనే డిఫ్తీరియా వ్యాధి పసిపిల్లల పాలిట మృత్యువు. ఆ వ్యాధి విషాన్ని గుర్రానికి కొద్దికొద్దిగా ఎక్కిస్తే, దాని రక్తంలో విరుగుడు పదార్థాలు పుడతాయి. అవే ప్రతిరక్షకాలు. వాటితో కూడిన రక్తరసాన్ని, అంటే సీరంను, పిల్లలకు సూదిమందుగా ఇచ్చేవారు. ఎందరో పిల్లలు దానివల్ల బతికి బయటపడ్డారు. కాని కొందరికి జ్వరం, దద్దుర్లు, కీళ్లనొప్పులు కలిగేవి. సీరం మానితే వ్యాధి బలిగొంటుంది. ఇస్తే కొత్త బాధ తలెత్తుతుంది. దీనికి కారణమేమిటి?

పిర్కే తన సహచరుడు బేలా షిక్‌తో కలిసి ఓపికగా రోజులు లెక్కించాడు. మొదటిసారి సీరం పొందిన బిడ్డకు సాధారణంగా 8 నుండి 12 రోజుల తరువాత బాధ మొదలయ్యేది. కొంతకాలానికి మళ్లీ సీరం ఇస్తే కొన్ని గంటలలోనే, ఒక్కొక్కప్పుడు నిమిషాలలోనే కనిపించేది. సీరంలోనే విషముంటే రెండుసార్లూ ఒకే విధంగా పనిచేయాలి కదా! మారినది సీరం కాదు, శరీరం. పరాయి పదార్థం ప్రవేశించగానే శరీరం ప్రతిరక్షకాలను తయారుచేయడానికి కొన్ని రోజులు పడుతుంది. అవి ఆ పదార్థాన్ని ఢీకొన్నప్పుడే వ్యాధి పుడుతుంది. రెండవసారికి అవి సిద్ధంగా ఉంటాయి కనుక ఆలస్యముండదు. కావలివాడే కలహానికి కారకుడని తేలింది.

ఈ పరిశీలనలను వారిద్దరూ 1905లో గ్రంథరూపంలో ప్రకటించారు. మరుసటి సంవత్సరం పిర్కే, ‘వేరు’, ‘పని’ అనే అర్థాలు గల గ్రీకు మాటలను కలిపి ‘అలర్జీ’ అనే పదాన్ని సృష్టించాడు. మారిన శరీరస్పందన అని దాని భావం. ఆ స్పందననే ఆయన రోగనిర్ణయానికి సాధనం చేసుకున్నాడు. 1907లో చర్మంపై చిన్న గీత గీసి, ట్యూబర్‌క్యులిన్ ద్రవాన్ని తాకించి, శరీరంలో దాగిన క్షయను గుర్తించే పరీక్షను వెల్లడించాడు.

1909లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడై, 1911లో వియన్నాకు తిరిగివచ్చాడు. మొదటి ప్రపంచయుద్ధానంతరం ఆకలితో అలమటించిన ఆస్ట్రియా బాలలకు ఆహారమందించే బృహత్కార్యాన్ని నడిపించాడు. 1929 ఫిబ్రవరి 28న మరణించాడు.

దుమ్ము, పుప్పొడి, కొన్ని ఆహారపదార్థాలు కొందరికి ఎందుకు హాని చేస్తాయో తెలిపే ‘ఐజీఈ’ అనే ప్రతిరక్షకం 1960వ దశకంలో బయటపడింది. వంకాయ పడదు, ఫలానా మందు పడదు అని మన ఇళ్లలో అనుకునే మాటల వెనుక కొన్నిసార్లు ఉన్నది ఈ అతిస్పందనయే. పాముకాటు విరుగుడు నేటికీ మన దేశంలో గుర్రపు రక్తం నుండే తయారవుతున్నది. అందుకే దానిని ఇచ్చేటప్పుడు వైద్యులు రోగిని కనిపెట్టుకొని ఉంటారు. ఆ జాగరూకతకు బాట వేసినవారిలో పిర్కే అగ్రగణ్యుడు. ప్రాణం పోసే మందును విడిచిపెట్టక, దాని చాటున పొంచి ఉన్న ప్రమాదాన్ని ఎరిగి మెలగడమే ఆయన జీవితం నేర్పే పాఠం.