అన్నదాత్రి శ్రీమతి డొక్కా సీతమ్మగారు

యాచకుడు వాకిట నిలిచి చేయి చాచినపుడు గృహస్థుని మనస్సున మూడు సందేహములు కలుగుట లోకసహజము. ఇతడు నిజముగ దరిద్రుడా, వేషధారియా? కాయకష్టము చేయగలిగియు చేయని సోమరియా? ఇచ్చిన డబ్బు అన్నమునకు పోవునా, కల్లుపాకకు పోవునా? ఈ సందేహములు తీరులోపల యాచకుడు వీధి మలుపు తిరిగిపోవును. ఈ చిక్కు తప్పించుకొనుటకై కొందరు కాసు విసరి తలుపు మూసికొందురు. మఱికొందరు కసరి పంపివేయుదురు. ఈ రెండు తెగలవారును చేయని పని యొకటి కలదు. అది వచ్చినవాని ముఖము చూచుట. గోదావరి లంకల నడుమ ఒక పల్లెటూర, ఈ ప్రశ్నలలో ఒక్కటియు అడుగక, ఆకలి నొక్కదానినే విచారించి, జీవితమంతయు గడపిన గృహిణి యొకరు కలరు. ఆమెయే డొక్కా సీతమ్మగారు.

సీతమ్మగారు 1841వ సంవత్సరమున గోదావరి సీమలోని మండపేటలో జన్మించిరి. తండ్రి అనుపిండి భవానీశంకరముగారు, తల్లి నరసమ్మగారు. అది గోదావరి సీమకు గడ్డుకాలము. నదినీరు వృథాగ సముద్రము పాలగుచుండగా, ఒడ్డుననున్న పొలములు వానకై యెదురుచూచుచుండెను. 1833 నాటి ఘోరక్షామము గుంటూరు సీమను పాడుపెట్టినది. గోదావరి ప్రాంతమును గూడ విడువలేదు. 1821లో రాజమహేంద్రవరము జిల్లా జనసంఖ్య సుమారు 7 లక్షల 38 వేలు. 1841 నాటికది సుమారు 5 లక్షల 61 వేలకు దిగెను. అనగా సీతమ్మగారు కన్ను తెరచిన యేటికి, ఇరువది సంవత్సరములలో, నలుగురిలో ఒకరు లెక్కకు రాకుండ పోయిరి. కొందరు మరణించిరి, కొందరు దేశము విడిచిరి. అట్లు ఊళ్లు వదలి, చేయి చాచుచు బాటలు పట్టినవారందరును సోమరులని ఎవరు చెప్పగలరు?

భవానీశంకరముగారు ఆకలిగొని వచ్చినవారిని ఊరక పంపెడివారు కారు. అడిగినవారికెల్ల బువ్వ పెట్టుటచే ఊరివారు వారికి బువ్వన్న యని పేరు పెట్టుకొనిరట. తల్లి చిన్ననాటనే గతింపగా ఇంటిపని బాలిక చేతికి వచ్చెను. వచ్చినవారికి కాళ్లకు నీళ్లిచ్చుట, ఆకు వేయుట, కడుపు నిండువరకు వడ్డించుట ఆమెకు ఆటపాటల వయస్సుననే అలవడెను. ఒకనాడు లంకల గన్నవరమునకు చెందిన డొక్కా జోగన్నగారు దారిలో వేళ మించిపోగా ఆ యింట అతిథియై, ఆ బాలిక ఆదరమును చూచి, ఆమెను వివాహమాడ నిశ్చయించిరని పెద్దలు చెప్పుదురు. జోగన్నగారు వేదము చదివినవారు, భూవసతి గలవారు. అట్లు సీతమ్మగారు గన్నవరము కాపురమునకు వచ్చిరి.

ఆ యూరి ఉనికిని గూర్చి కొంత చెప్పవలసియున్నది. కోనసీమ గౌతమీ వసిష్ఠ పాయలకును సముద్రమునకును నడుమ నున్న భూమి. దాని నడుమ వైనతేయ యను మఱియొక పాయ ప్రవహించును. గన్నవరము ఆ వైనతేయ యొడ్డున నున్నది. సర్ ఆర్థర్ కాటన్ దొర ధవళేశ్వరము ఆనకట్టను 1852లో పూర్తిచేసిన పిమ్మట, కాలువనీటిని వైనతేయ మీదుగ ఆవలి లంకకు దాటించుటకై గన్నవరమువద్ద అక్విడక్టు కట్టిరి. నీటికి దారి యేర్పడెను గాని, బాటసారులకు రేవులు, పడవలు, కాలినడక తప్పలేదు. పడవ తప్పినవారు, ప్రొద్దుగ్రుంకినవారు, వరదకు చిక్కినవారు గన్నవరమున ఆగవలసినవారే. పూటకూళ్ల యిండ్లు ప్రతి రేవునను లేవు. ఉన్నచోటను డబ్బు లేనివానికి అన్నము లేదు. ఈ స్థితిలో ఊరివారు ఆకలిగొన్నవారికి చూపించిన యిల్లు ఒక్కటే.

ఆ యింట వేళ యను మాట లేదు. మధ్యాహ్నము దాటి వచ్చినను, అర్ధరాత్రి తలుపు తట్టినను, మరల పొయ్యి రాజవేయవలసినదే. వచ్చినది పండితుడా, కూలివాడా, బిచ్చగాడా, ఏ కులమువాడు, ఏ యూరివాడు అను విచారణ లేకుండ ఆమె అన్నము పెట్టిరని కోనసీమయంతట ప్రతీతి. ఆ కాలమున, ఆచారపరాయణమైన వైదిక గృహమున, ఇది సామాన్యమైన విషయము కాదు.

ఇందలి మర్మమును కొంచెము ఆలోచింపవలెను. అన్నము, కాసు ఒకేవిధమైన దానములు కావు. వేషధారి కోరునది డబ్బు. ఆకలి లేనివాడు వేళగాని వేళ వచ్చి విస్తరిముందు కూర్చుండి కడుపార తినడు. కావున సీతమ్మగారికి పాత్రాపాత్ర విచారణతో పని లేకపోయెను. విస్తరియే ఆ విచారణ చేసెడిది. మఱియొక సంగతి. కాసు ఇచ్చువాడు కూర్చున్న చోటనుండియే విసరవచ్చును. అన్నము పెట్టువారు లేవవలెను, నీరు తోడవలెను, పొగలో కన్నులు నలుపుకొనవలెను, ఎదుట నిలిచి వడ్డింపవలెను. ఇచ్చువారి శ్రమయే ఆ దానమునకు గౌరవము తెచ్చుచున్నది. వీధిలో చేయి చాచినంతవఱకే అతడు యాచకుడు; పీటమీద కూర్చున్నపిదప అతిథి.

దానము జనులను సోమరులను చేయునను వాదము నేటిది కాదు. 1876 మొదలు 1878 వఱకు దక్షిణదేశమున మహాక్షామము సంభవించి లక్షలాది జనులు మరణించిరి. 1877లో ప్రభుత్వము తరఫున వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్ దొర ఖర్చు మితిమీరరాదని తలచి, కరవుపనిలో చేరిన పురుషునకు దినమునకు ఒక పౌను ధాన్యము, అనగా సుమారు 450 గ్రాములు, దానిపై ఒక అణా చాలునని నిర్ణయించెను. మద్రాసు రాజధాని పారిశుధ్యాధికారి డాక్టరు కార్నిష్, ఆ తిండితో పనిచేయు మనుష్యుడు బ్రతుకజాలడని వాదించెను. కొలది నెలలలో ఆ కూలిని పెంపవలసివచ్చెను. ఆనకట్టనీటి చలువచే గోదావరి డెల్టా ఆ కరవునుండి చాలవఱకు తప్పించుకొనెను. అప్పటికి ముప్పదియైదేండ్ల వయస్సుగల సీతమ్మగారు పండిన ధాన్యమును అమ్ముకొన్నచో మంచి ధర వచ్చెడి కాలమది. ఆమె యింటి ధాన్యము మాత్రము పొయ్యికే పోవుచుండెను.

ఆమెను గూర్చి జనులు చెప్పుకొను కథలు పెక్కులు. గోదావరి వరదతో పొంగియున్న ఒక రాత్రి, ఆవలి లంకలో చిక్కిన వాడొకడు ఆకలికి తాళలేక కేకలు వేయగా, సీతమ్మగారు అప్పటికప్పుడు అన్నము సిద్ధము చేసిరట. జోగన్నగారు ఆ చీకటిలో పడవపై నది దాటి వానికి అందజేసిరట. ఒంటరిగ ఒకరు చేయగల ధర్మము కాదది. వండినది భార్య, ఏరు దాటినది భర్త.

మఱియొక కథ అంతర్వేదిని గూర్చినది. వసిష్ఠ సముద్రమున కలియుచోట వెలసిన లక్ష్మీనరసింహస్వామిని దర్శింపవలెనని సీతమ్మగారికి చిరకాలముగ కోరిక. ఇల్లు కదలుటకు వీలు చిక్కెడిది కాదు. ఎట్టకేలకు ఒకమారు బయలుదేరిరి. దారిలో విశ్రమించియుండగా ఎదురుగ వచ్చుచున్న ప్రయాణికుల గుంపొకటి వినవచ్చెను. వారి వెంటనున్న పిల్లలు ఆకలికి ఏడ్చుచుండగా, పెద్దలు గన్నవరము చేరినచో సీతమ్మగారి యింట అన్నము దొరకునని ఓదార్చుచుండిరట. ఆ మాట చెవినిబడగనే ఆమె స్వామిదర్శనము మాని, వారికంటె ముందు ఇల్లు చేరుటకై వెనుకకు మరలిరి. ఆ గుంపునకు ఈ సంగతి తెలిసినను తెలియకున్నను, పిల్లలకు వేడియన్నము దొరకినది.

ఇంత దానమునకు జమ ఎక్కడిది? పొలము పంటయే. ఖర్చునకు మేర లేదు, జమకు మేర కలదు. క్రమముగ ఆస్తి తరిగినదనియు, భూములు అమ్ముకొనవలసి వచ్చినదనియు చెప్పుదురు. లోకవ్యవహారము తెలిసినవారికి ఇది అవివేకముగ తోచవచ్చును. తనకు మాలిన ధర్మము కూడదను సామెతయు ఉన్నది. కాని ఆ దంపతులు దానిని నష్టముగ లెక్కింపలేదు. నిల్వ తగ్గినపుడు పెట్టుట మానుట సులభము; వారు మానలేదు.

ఈ కీర్తి సముద్రములు దాటెను. ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేక మహోత్సవ సందర్భమున, 1903లో, ఆమెకు ప్రశంసాపత్రము పంపబడినదనియు, ఉత్సవమునకు రమ్మని ఆహ్వానము వచ్చినదనియు ప్రతీతి. పేరుకొఱకు అన్నము పెట్టుట లేదని ఆమె ఆహ్వానమును నిరాకరించిరట. కనీసము ఛాయాచిత్రమైన తీయనిమ్మని అధికారులు కోరగా దానికిని అంగీకరింపక, తమ ఉద్యోగములకు భంగము కలుగునని వారు మొఱపెట్టుకొనిన పిమ్మట ఒప్పుకొనిరని చెప్పుదురు. అక్కడను ఆమెను కదలించినది గౌరవము కాదు, ఎదుటివాని కష్టము.

సీతమ్మగారు 1909వ సంవత్సరము ఏప్రిల్ 28వ తేదీన పరమపదించిరి. గన్నవరమువద్ద వైనతేయపై 2000లో వెలసిన క్రొత్త అక్విడక్టునకు ఆమె పేరు పెట్టిరి. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము బడిపిల్లల మధ్యాహ్నభోజన పథకమునకును ఆమె పేరే పెట్టెను. ఇది తగిన గౌరవము. ఏలయన, బడిలో ఆకు ముందు కూర్చున్న బిడ్డను నీవు దరిద్రుడవని ఋజువు చేయుమని ఎవరును అడుగరు.

యాచనను గూర్చి మన దేశమున చట్టములును కలవు. యాచన నిషేధమునకు ఆంధ్రప్రదేశ్‌లో 1977లో శాసనము వచ్చినది. ఢిల్లీలో అమలునందున్న అట్టి శాసనమునందలి ముఖ్యభాగములను 2018లో అచ్చటి ఉన్నతన్యాయస్థానము కొట్టివేసి, గతిలేక అడుగుట నేరము కాదని తేల్చినది. చట్టము వీధిని గూర్చి ఏమి చెప్పినను, మన వాకిలిని గూర్చి నిర్ణయింపవలసినది మనమే. పసిబిడ్డలను అడ్డుపెట్టుకొని యాచనను వ్యాపారముగ నడుపువారు లేకపోలేదు. అట్టివారికి కాసు అందకుండుటయే మేలు. ఐనను ఆ కారణముచే నిజముగ ఆకలిగొన్నవాడు పస్తుండరాదు గదా. రేపు మన గుమ్మమున ఒకరు నిలిచినపుడు కాసు ఇత్తుమా మానుదుమా అని తర్కించుటకు ముందు, భోజనమైనదా యని యొక్క మాట అడిగి చూతము. కాలేదని చెప్పినచో చేయవలసినదేమో గన్నవరపు సీతమ్మగారు అరువదియెనిమిదేండ్ల జీవితముతో చూపియే యున్నారు.