చెరసాలలో వెలసిన చదువుల కోవెల

ఉప్పల్: జులై 1 వైద్యుల దినోత్సవమనగానే స్ఫురించే పేరు డాక్టర్ బిధాన్ చంద్ర రాయ్. ఐఐటీ సీటే లక్ష్యంగా ఉప్పల్, నాచారం, హబ్సిగూడ కళాశాలల్లో రేయింబవళ్లు శ్రమించే విద్యార్థులకు మాత్రం ఆయన అంతగా పరిచితుడు కాదు. దేశంలోని తొలి ఐఐటీ ఒక జైలు భవనంలో ప్రారంభం కావడం వెనుక ఉన్నది ఆ వైద్యుని పట్టుదలే.

రాయ్ 1882లో పాట్నాలోని బంకీపూర్‌లో జన్మించారు. ఉన్నత వైద్యవిద్యకై 1909లో ఇంగ్లండ్ వెళ్లగా, లండన్‌లోని సెయింట్ బార్తలోమ్యూ వైద్యశాల వారు ఆయన దరఖాస్తును 30 పర్యాయాలు తిరస్కరించారని చెబుతారు. 1911 నాటికి ఎంఆర్‌సీపీ, ఎఫ్ఆర్‌సీఎస్ పట్టాలు రెండింటితోనూ తిరిగి వచ్చారు. గాంధీజీకి వైద్యుడయ్యారు. శాసనోల్లంఘన ఉద్యమకాలంలో 1930లో అలీపూర్ జైలుపాలయ్యారు.

ఆ మరుసటి ఏడు ఆయన కలకత్తా మేయర్‌గా ఉండగా ఖరగ్‌పూర్ చెంత ఉన్న హిజ్లీ నిర్బంధ శిబిరంలో ఘోరం జరిగింది. 1931 సెప్టెంబరు 16న పోలీసులు నిరాయుధులైన రాజకీయ ఖైదీలపై కాల్పులు జరపగా సంతోష్ కుమార్ మిత్రా, తారకేశ్వర్ సేన్‌గుప్తా ప్రాణాలు కోల్పోయారు. కలకత్తాలో జరిగిన నిరసన సభకు రవీంద్రనాథ్ టాగూర్ స్వయంగా తరలివచ్చారు. ఆ శిబిరాన్ని 1942లో మూసివేశారు. యుద్ధకాలంలో అమెరికా బాంబర్ దళం ఆ భవనాన్ని వాడుకుంది.

1948 జనవరిలో రాయ్ పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి అయ్యారు. దేశం నలుదిక్కులా ఉన్నత సాంకేతిక విద్యాసంస్థలను నెలకొల్పాలని నళినీ రంజన్ సర్కార్ సంఘం అప్పటికే సిఫార్సు చేసింది. మొదటిది బెంగాల్‌కే దక్కాలని రాయ్ ప్రధాని నెహ్రూను ఒప్పించారు. హిజ్లీ భవనాన్ని, దాని చుట్టూ 1,200 ఎకరాలను రాష్ట్రం తరఫున ఇప్పించారు. విభజన గాయాలతో, శరణార్థుల తాకిడితో సతమతమవుతున్న రాష్ట్రానికి ఇది చిన్న సాహసం కాదు. కొత్త కట్టడాలు లేచేదాకా వేచి ఉండక 1950 సెప్టెంబరులోనే సంస్థ కలకత్తా నుంచి ఆ గోడల మధ్యకు తరలింది. 1951 ఆగస్టు 18న మౌలానా ఆజాద్ లాంఛనంగా ప్రారంభించేనాటికి విద్యార్థులు 224 మంది, అధ్యాపకులు 42 మంది. రైల్వే కొలువుల కోసం వెళ్లి ఖరగ్‌పూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ విద్యాలయం ఇరుగుపొరుగే.

మన నగరంలోని ముషీరాబాద్ జైలు గతి వేరు. ఆ స్థలంలోకి 2003లో గాంధీ ఆసుపత్రి వచ్చింది, జైలు భవనం మాత్రం మిగల్లేదు. హిజ్లీలో 1952లో నెహ్రూ కొత్త ప్రధాన భవనానికి శంకుస్థాపన చేసిన తరువాత కూడా పాతదాన్ని కూల్చలేదు. అమరుల పేరిట అది హిజ్లీ షహీద్ భవన్ అయింది. 1990లో అందులో నెహ్రూ విజ్ఞాన, సాంకేతిక ప్రదర్శనశాల వెలసింది.

రాయ్‌కు 1961లో భారతరత్న లభించింది. ముఖ్యమంత్రిగా ఉంటూనే రోగులను పరీక్షించే అలవాటు మానలేదు. 1962 జులై 1న, తన 80వ పుట్టినరోజునే కన్నుమూశారు.